రెండు రక్తమార్పిడుల నడుమ

తలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డకు నెలలో ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో రక్తం ఎక్కుతుంది. తక్కిన రోజులన్నీ ఆ చికిత్సను నడిపేది ఇల్లే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లోనూ తండాల్లోనూ ఈ బాధ్యత ఎక్కువగా తల్లుల మీదే పడుతోంది. నేర్పు, క్రమశిక్షణ, జ్ఞాపకశక్తి మూడూ కావలసిన ఈ సేవను వైద్యంలో భాగంగా గుర్తించకపోవడం పెద్ద లోపం.

రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని ఈ వంశపారంపర్య వ్యాధిని 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ వర్ణించాడు. లోపం ఉన్న జన్యువు ఒకటే ఉంటే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, అతన్ని వాహకుడు అంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో, ఒకే కులంలో తరతరాలుగా సాగే సంబంధాల్లో ఇద్దరు వాహకులు కలిసే అవకాశం పెరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తేనే వచ్చే జబ్బుకు కోడలిని ఒక్కదాన్నే నిందించడం అన్యాయమే కాక, వైద్యశాస్త్రం ప్రకారం అబద్ధం కూడా.

హిమోగ్లోబిన్ 9 గ్రాముల కంటే దిగకుండా చూడాలంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ముందుగా బిడ్డ రక్తపు నమూనాను దాత రక్తంతో కలిపి పొంతన చూస్తారు, దీన్ని క్రాస్‌మ్యాచ్ అంటారు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలపాటు చుక్కచుక్కగా ఎక్కిస్తారు. ప్రయాణంతో కలిపి రోజంతా పోతుంది, తోడు వచ్చినవారి కూలి పోతుంది, పత్తి ఏరే కాలంలోనో మిరప కోతల్లోనో అయితే ఆ నష్టం ఇంటిని కుదిపేస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికైనా, 1998లో మొదలైన హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకైనా వెళ్లడానికి జనగామ, మహబూబాబాద్ వారికి రైలు ఉంది. భూపాలపల్లి వారు పరకాల మీదుగా హనుమకొండకు బస్సులోనే రావాలి. ఎండాకాలంలో కాలేజీలు మూతపడి రక్తదాన శిబిరాలు తగ్గినప్పుడు దాత కోసం వెతుకులాట కూడా కుటుంబం నెత్తినే పడుతుంది.

ఎక్కించిన రక్తంతోపాటు ఐరన్ కూడా ఒంట్లో చేరుతుంది. తిండి నుంచి ఆరోగ్యవంతుని ఒంటికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఐరన్ మాత్రమే పడితే, ఒక దాత ఇచ్చిన రక్తంలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు కనుక అది గుండెలో, కాలేయంలో, ఎదుగుదలను నడిపే గ్రంథుల్లో పేరుకుపోతుంది. ఆ ఐరన్‌ను పట్టి బయటికి పంపే మందుల వాడకాన్ని కీలేషన్ అంటారు, ఇంటి నేర్పు అసలు కనిపించేది ఇక్కడే. డెఫెరాసిరాక్స్ కరిగే మాత్రను రోజూ ఒకే వేళకు, పరగడుపున, తిండికి అరగంట ముందు నీళ్లలో కలిపి తాగించాలి. గ్లాసు అడుగున మిగిలిన పొడిని మళ్లీ కాసిన్ని నీళ్లతో కలిపి అదీ పట్టించాలి. రుచి నచ్చక మొహం తిప్పుకునే పిల్లవాడికి, పొలానికి పోయే వేళ మించిపోతున్నా విసుక్కోకుండా, ఈ పని ఏళ్ల తరబడి రోజూ చేయడం మాటలు కాదు. రక్తం ఎక్కించిన తేదీ, అప్పటి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష ఫలితం రాసిపెట్టుకునే నోటుబుక్కు కూడా తల్లి చేతిలోనే ఉంటుంది. పాలిపోయిన పిల్లవాడిని చూసి ఊరి ఆర్‌ఎంపీ ఐరన్ టానిక్ రాయకుండా, బడిలో అందరికీ పంచే ఐరన్ మాత్ర ఈ బిడ్డకు ఇవ్వకుండా కాపలా కాయవలసింది కూడా ఆమే.

ఈ కాపలాలో ఇంట్లో మిగతా పిల్లలు వెనకబడతారు. అన్నకో చెల్లెకో జ్వరం వస్తే అది చిన్న విషయమైపోతుంది, బడి మానేసి ఇంటి దగ్గర ఉండే వంతు తరచూ పెద్దమ్మాయికి వస్తుంది. వాళ్లను పట్టించుకునే తీరిక తల్లికి దొరికేలా చూడడం కూడా చికిత్సలో భాగమే.

తలసీమియాను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. పదేపదే రక్తం అవసరమయ్యే ఇలాంటి రోగులకు రక్తాన్ని ఉచితంగా ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి నిర్దేశించింది. ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో వచ్చాయి. వాటి అనుబంధ ఆసుపత్రుల్లో ముందే ఖాయం చేసిన తేదీకి రక్తం సిద్ధంగా ఉంచి, మందు ఒక్క రోజూ తప్పకుండా అందించి, తల్లి నోటుబుక్కును వైద్య పత్రంగా చదివితే ఈ ఇళ్ల భారం సగం దిగుతుంది. వాహకులను ముందే గుర్తించే పరీక్షలతో సైప్రస్ దేశం ఈ వ్యాధితో కొత్త పుట్టుకలను దాదాపు లేకుండా చేసుకుంది. ఇక్కడా ప్రతి గర్భిణికి మొదటి నెలల్లోనే వాహకులను గుర్తించే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేసి, ఆమె వాహకురాలని తేలితే భర్తకూ చేయాలి. పుట్టిన బిడ్డల బాగోగులను ఇళ్లు ఇప్పటికే చూసుకుంటున్నాయి. ఆ ఇళ్లకు తోడు నిలవడం, తర్వాతి కాన్పుకు ముందే హెచ్చరించడం ప్రభుత్వ వైద్యం వంతు.