గోపాలరావు మారినాడా?

మొన్న తిరుపతిలో మా పక్కింటమ్మాయి గురజాడవారి 'దిద్దుబాటు' చదివి, "అక్కా, గోపాలరావు నిజంగా మారినాడంటావా?" అని అడిగింది. 1910లో అచ్చయిన కథ అది!

మీటింగులని ఇంట్లో బొంకి సానిపాటకు పోవడమే అతని తప్పని అందరూ అంటారు. నన్ను బాధపెట్టింది మాత్రం ఇంకొకటి. అర్ధరాత్రి దాటి ఇల్లు చేరితే భార్య కమలిని కనిపించలేదు. వెంటనే అతని చెయ్యి లేచింది నౌకరు రాముడి మీదికి! తప్పు తనది, దెబ్బ రాముడికి. పుట్టింటికి పోతున్నానన్న ఉత్తరం చదివాకే బుద్ధొచ్చింది. అది పశ్చాత్తాపమా, భయమా?

మంచం కింద దాక్కున్న కమలిని నవ్వేసింది, కథ ముగిసింది. మర్నాడూ అతను వేళకు ఇల్లు చేరితేనే కదా దిద్దుబాటు!

"నేనైతే ఇంకాసేపు మంచం కిందే ఉండేదాన్నక్కా" అంది మా అమ్మాయి.