చెరువు కాపలా, ఇసుక కాపలా

గూడూరు నుంచి దక్షిణంగా చెన్నై హైవే పట్టుకుంటే, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం, ఆ పక్కనే నేలపట్టు చెరువు. తూర్పుకు తిరిగితే కోట, వాకాడు మీదుగా తూపిలిపాలెం సముద్రపు ఒడ్డు. ఒకచోటికి గూడబాతులు వస్తాయి, రెండోచోటికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. రెండూ గుడ్లు పెట్టడానికే వస్తాయి, రెండింటికీ మనుషులు కాపలా కాస్తారు. పేపర్లో రెండు వార్తలూ ఒకే తీరుగా పడతాయి గానీ, పని దగ్గరికి వెళ్లి చూస్తే ఒకదానికొకటి ఎదురు.

నేలపట్టు 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైంది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. గూడబాతుకు అక్కడ కావలసినవి రెండే: అక్టోబరు, నవంబరు వానలకు నిండిన చెరువు, ఆ నీళ్లలో మొదళ్లు మునిగి నిలబడ్డ నీటి కడప చెట్లు. చుట్టూ నీళ్లుంటే గూటి దాకా నక్కా రాదు, మనిషీ రాడు. మేతకు పులికాట్ దాకా పోయొస్తుంది, కాపురం మాత్రం ఈ కొమ్మల మీదే. పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు.

పక్షులున్నన్నాళ్లూ జనాన్ని దూరంగా ఉంచడం తప్ప కాపలావాళ్లు చేయగలిగింది తక్కువ. అసలు పనంతా చెరువు ఎండినప్పుడే. ఎండాకాలంలో పూడిక తీయాలి, కట్ట చూసుకోవాలి, సందు దొరికితే చొరబడే సర్కారు తుమ్మను వేళ్లతో సహా పెకలించాలి. కడప మొక్క నాటాలన్నా అప్పుడే. అదీ జానెడు మొక్క నాటితే దండగ, చెరువు నిండిన రోజే మునిగిపోతుంది. నర్సరీలో ముందే ఏపుగా పెంచి, మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి. మేకలు పడకుండా చుట్టూ కంప వేయాలి. కొట్టేసిన సర్కారు తుమ్మ ఆ మాత్రానికి పనికొస్తుంది లెండి. ఇంతా చేస్తే, ఆ చెట్టు మీద గూడబాతు గూడు కట్టేనాటికి నాటినవాడు రిటైరై ఉన్నా ఆశ్చర్యం లేదు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగకు వచ్చి, బైనాక్యులర్లతో నేలపట్టు చూసి వెళ్లేవాళ్లలో ఈ పని ఉందని తెలిసినవాళ్లు ఎందరు?

ఇక ఒడ్డు సంగతి. జనవరి నుంచి మార్చి దాకా తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, మూరెడు లోతు గుంట తీసి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. తెల్లారేలోగా కుక్కలో నక్కలో వాసన పడతాయి. అంచేత రాత్రంతా ఒడ్డు వెంట నడిచే మనుషులుండాలి. అటవీశాఖతో కలిసి ట్రీ ఫౌండేషన్ ఈ తీరంలో చేయిస్తున్నది అదే. 2002లో సుప్రజా ధారిణి చెన్నైలో పెట్టిన సంస్థ అది. నడిచేది మాత్రం మన పాలేల కుర్రాళ్లు.

ఇసుక మీద తాబేలు పాకిన గుర్తు, ట్రాక్టరు టైరు జాడలాంటిది, ఒకటి పైకి వచ్చి ఉంటుంది, ఇంకొకటి కిందికి దిగి ఉంటుంది. రెండూ కలిసేచోట సన్నటి కర్రతో మెల్లగా గుచ్చి చూస్తారు. ఇసుక వదులుగా తగిలితే అడుగున గుడ్లున్నట్టే. అక్కణ్ణుంచి చేత్తోనే తవ్వాలి. తీసిన గుడ్డును దొర్లించకూడదు, పెట్టిన కొద్ది గంటల్లోనే ఒడ్డునే కంచె కట్టిన హేచరీకి చేర్చాలి. అక్కడ కూడా తల్లి తీసినట్టే మెడ సన్నంగా, అడుగు వెడల్పుగా గుంట తీసి, గుడ్లు పేర్చి, తేదీ, లెక్క రాసిన పలక పాతుతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు ఇసుక చీల్చుకుని పైకొస్తాయి, వాటిని సముద్రంలోకి వదులుతారు.

చేతి నేర్పు చూస్తే ఒడ్డు పనిదే పైచేయి. అయినా నా మొగ్గు చెరువు వైపే. నేలపట్టులో పక్షి జోలికి పోరు, పక్షి వచ్చి దిగే చోటును చక్కబెడతారు. హేచరీ చోటు సంగతి పక్కనపెట్టి గుడ్డును పట్టుకుంటుంది. సరుగుడు తోటలు అలల దగ్గరికి జరిగినా, ఒడ్డు పొడుగునా లైట్లు వెలిగినా, గుడ్లను కంచెలో దాచుకుంటే ఆ ఏటికి గండం గడుస్తుంది. మరుసటేడు తాబేలు వచ్చేది మళ్లీ అదే పాడు ఒడ్డుకు. ఇంకో చిక్కు కూడా ఉంది. గుడ్డులో ఆడదా మగదా తేల్చేది ఇసుక వేడి. సుమారు 30 డిగ్రీలు దాటితే ఆడవే ఎక్కువ. పైన తాటాకు పందిరైనా లేని హేచరీలో వరసగా ఆడపిల్లలే పుట్టినా పిల్లల లెక్క ఘనంగానే ఉంటుంది, ఫొటో అందంగానే వస్తుంది. వదిలినవాటిలో పెద్దయ్యేది ఏ వెయ్యికొకటో.

చెరువులవాళ్లకూ ఇలాంటి దగ్గరిదారి లేకపోలేదు. చెట్లు చాలక ఉప్పలపాడులో, కొల్లేటి ఆటపాకలో ఇనుప స్టాండ్లు పాతారు. పక్షులు వాటి మీదా గూళ్లు కట్టాయి. అవసరానికి తప్పు పట్టలేం గానీ, స్టాండు పాతిన ఏడాది నుంచే మొక్క నాటకపోతే అదీ హేచరీ బాపతే.

నేలపట్టు వెనకబడేది మనుషుల దగ్గర. తమిళనాడు వేడంతాంగల్‌లో రైతులు 18వ శతాబ్ది చివర్లోనే కలెక్టరు దగ్గరికి పోయి పక్షులకు రక్షణ రాయించుకున్నారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్ల లెక్క. ఇక్కడ సంరక్షణ కేంద్రమని ప్రకటన వచ్చాక పక్షులు డిపార్టుమెంటువయ్యాయి, ఊరివాళ్లకు మిగిలింది చాలావరకు కూలి పని. ఒడ్డున అలా కాదు. రాత్రి నడిచే కుర్రాడు పగలు వల లాగేవాడే. చచ్చిన తాబేలు ఎక్కడ కొట్టుకొచ్చిందో అతనికే ముందు తెలుస్తుంది.

చచ్చిన తాబేలు దగ్గరే హేచరీ లెక్క తప్పుతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ పెద్ద తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. వాటిని చంపేది ఒడ్డు మీది కుక్క కాదు, ట్రాలు వల. లోపల చిక్కిన తాబేలు గాలికి పైకి రాలేక ఊపిరాడక పోతుంది. గుడ్లు పెట్టే ఈడు తాబేలు ఒకటి పోతే, ఎన్ని గంపల పిల్లల్ని వదిలితే పూడుతుంది? తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపల కోసం పెట్టింది. అప్పటికి తాబేళ్ల రద్దీ అయిపోతుంది. అక్కరకొచ్చేది ఇంకో నిబంధన: ఆంధ్రా తీరంలో ఎనిమిది కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు. కడలూరు వైపు నుంచి వచ్చే బోట్లు ఆ హద్దు దాటుతున్నాయని నెల్లూరు తీరం మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, వలలు తెగుతున్నాయని, చేపలు పోతున్నాయని. ఆ అర్జీతో పాటు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ల లెక్క, తేదీలతో సహా, జత చేయొచ్చు. ఆ లెక్క రాయగలిగిన మనుషులు రోజూ రాత్రి అక్కడే నడుస్తున్నారు, చేతిలో రిజిస్టరూ ఉంది.