నిద్రపోయిన యశోద

పోతన ఊరు బమ్మెర. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు జనగామలో చేరింది. జిల్లా మారినా ఓరుగల్లు వాళ్లం పోతనని వదులుకోలేదు. అందుకేనేమో ఇక్కడ దత్తత మాట ఎవరెత్తినా రెండో మాటకే యశోద వచ్చేస్తుంది. పిల్లని పెంచుకుంటున్న స్త్రీని పొగడాలన్నా యశోదే, ఓదార్చాలన్నా యశోదే. ఆ పేరుని ఇంత ధారాళంగా వాడుకుంటున్న మనం, బిడ్డ చేతులు మారిన ఆ రాత్రిని మాత్రం నిదానంగా చదివినట్టు లేదు.

చెరసాలలో దేవకి ప్రసవిస్తుంది. అదే రాత్రి గోకులంలో యశోద కూడా ప్రసవిస్తుంది. బిడ్డ పుట్టిందని యశోదకి తెలుసు గానీ ఆడో మగో తెలియనంత అలసట, నిద్ర అని వ్యాస భాగవతం చెబుతుంది. వసుదేవుడు కొడుకుని తెచ్చి ఆమె పక్కలో పడుకోబెట్టి, కూతుర్ని ఎత్తుకుపోతాడు. పచ్చి బాలింతలు ఇద్దరు, కళ్లు తెరవని బిడ్డలు ఇద్దరు. మధ్యలో నడిచిందీ మోసిందీ మగవాడు. (విష్ణువు ఆజ్ఞ కదా అంటారు. అదీ మగ గొంతే.) యశోద దత్తత తీసుకోలేదు, ఆమెకి తెలియకుండా దత్తత జరిగిపోయింది. మనం ఆదర్శంగా చూపించే పెంపుడు తల్లి, తాను పెంపుడు తల్లినని తెలియకుండానే పెంచింది. తన కడుపున పుట్టిన ఆడపిల్ల ముఖం కూడా ఆమె చూడలేదు.

మరి ఆ ఆడపిల్ల సంగతి? వసుదేవుడు ఆమెని తెచ్చి దేవకి ఒళ్లో పెడతాడు. కంసుడు వస్తాడు. అప్పుడు దేవకి ఆ పసిగుడ్డుని గుండెకి హత్తుకుని, ఇది నీకు మేనకోడలు, ఆడపిల్ల, దీన్నయినా వదిలిపెట్టమని అన్నని కాళ్లావేళ్లా పడి బతిమాలుతుంది. పోతన ఈ ఘట్టాన్ని ఎంత కరుణతో రాశాడో తెలుగు చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. వ్యాఖ్యాతలు అక్కడ దేవకి దైన్యాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇంకొకటి కనిపిస్తుంది. ఆ బిడ్డ దేవకి కన్నది కాదు. ఒళ్లోకి వచ్చి కొన్ని గడియలే అయింది. ఆ కొన్ని గడియల్లోనే దేవకి ఆమెకి తల్లయింది, ఆమె ప్రాణం కోసం పోరాడింది. మన సాహిత్యంలో తెలిసి, మేలుకుని, పరాయి బిడ్డని తన బిడ్డ అన్న మొదటి తల్లుల్లో దేవకిని లెక్కపెట్టాలి. మనం ఆమెకి కన్నతల్లి అని ముద్ర వేసి పక్కన కూర్చోబెట్టాం. బిడ్డ కంసుడి చేతిలోంచి జారి ఆకాశానికెగిరి దేవతైంది. ఆడపిల్లని బతికించుకోలేని చోట దేవతని చెయ్యడం మనకి అలవాటే.

ఈ రాత్రిని ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే దృశ్యం ఒకటి ప్రపంచంలో ఉంది. అమెరికాలో 1980ల నుంచి వ్యాపించిన బహిరంగ దత్తతలో గర్భిణీ స్త్రీ తానే ఒక జంటని ఎంచుకుంటుంది. ఉత్తరాలు, ఫొటోలు, రాకపోకలు ఉంటాయి. కొందరు ఆ జంటని కాన్పు గదిలోకి కూడా పిలుస్తారు. పెంచబోయే తల్లి చెయ్యి పట్టుకుని నిలబడుతుంది, ఒక్కోసారి పెంచబోయే తండ్రి బొడ్డు కోస్తాడు. పేగుబంధం అనే మాట ఉన్న భాషలో బతికే వాళ్లకి ఆ కత్తెర చిన్న విషయంగా అనిపించదు. ఇక్కడ యశోద మేలుకునే ఉంది, దేవకి పక్కనే ఉంది, మోసమూ చీకటీ యమునా లేవు. మొదటిసారి వినగానే అబ్బ, ఎంత బాగుంది అనిపిస్తుంది.

కానీ ఆ గదిని ఎవరి వైపు నుంచి చూస్తున్నాం? పుచ్చుకునే వాళ్లు చెప్పే కథల్లో చాలావాటిలో వెలుగంతా బిడ్డ మీదా, చాచిన చేతుల మీదా పడుతుంది. మంచం మీద మనిషి మసకగా మిగిలిపోతుంది. తెలుగులో స్త్రీవాద కవిత్వం చేసిన పెద్ద పని ఆ మంచాన్ని మధ్యలోకి లాగడం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసినప్పుడు, మాతృత్వపు మహిమల వెనక దాచేసిన నొప్పి, అవమానం, ఒంటరితనం ఒక్కసారిగా కవిత్వంలోకి వచ్చాయి. ఆ తలుపు తెరుచుకున్నాక కూడా, కని ఇచ్చేసి ఖాళీ చేతులతో వెళ్లే స్త్రీ మన కవిత్వంలో పెద్దగా కనిపించలేదు.

అలా బిడ్డల్ని ఇచ్చేసిన అమెరికన్ తల్లులు కొందరు చెప్పే మాట వినాలి. నెలల తరబడి స్నేహంగా ఉన్న జంట, గదులు సర్దుకుని, పేరు పెట్టుకుని, కన్నీళ్లతో మంచం పక్కన నిలబడితే, బిడ్డని చూశాక 'నేనివ్వను' అనగలిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? కడుపులో బిడ్డ ఉండగానే ఆమెని 'కన్నతల్లి' అని పిలవడం మీద కూడా వాళ్లకి అభ్యంతరం ఉంది. ఇక్కడ మన భాష కొంచెం నిజాయితీగా ఉంది. 'కన్న' అనేది జరిగిపోయిన పని. కనకముందు ఆమె కన్నతల్లి కాలేదు, కాబోయే తల్లి, అంతే.

ఓరుగల్లుకి దత్తత కొత్త కాదు. రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని దత్తత తీసుకుంది. అక్కడ రహస్యం లేదు, కన్నతల్లి ఎవరో లోకానికి తెలుసు. అయితే ఆ దత్తత సింహాసనం కోసం. ముమ్మడమ్మ ఏమనుకుందో చరిత్ర అడగలేదు. మేడారం సమ్మక్క కథలో కోయదొరలకి అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపిల్ల దొరుకుతుంది. అక్కడసలు కన్నతల్లే లేదు.

చట్టం కూడా ఈ రెండు దారుల్లోనే నడిచింది. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం హోమం లేకపోయినా పరవాలేదు గానీ, బిడ్డని నిజంగా ఇవ్వాలి, నిజంగా పుచ్చుకోవాలి. అంటే రెండు కుటుంబాలూ ఎదురెదురుగా ఉండాల్సిందే. వినడానికి ఎంతో బహిరంగం. కానీ తండ్రి ఉండగా ఇచ్చే హక్కు తండ్రిదే, తల్లి వంతు సమ్మతి. తల్లికి కూడా సమానంగా ఆ హక్కు 2010 సవరణతో గానీ రాలేదు. పెళ్లయి భర్తతో ఉన్న స్త్రీ తన పేరున దత్తత తీసుకోవడం కూడా అప్పటిదాకా కుదరలేదు. పైగా చెల్లిన దత్తతకి రద్దు లేదు. ఒక్కసారి ఇస్తే ఇచ్చినట్టే.

రెండో దారి, బాలల న్యాయ చట్టం (2015), సమ్మక్క కథలాంటిది. తల్లి బాలల సంక్షేమ సమితి ముందు అప్పగింత పత్రం మీద సంతకం పెడుతుంది. మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువు. ఆ తర్వాత ఆమె వివరాలు గోప్యం. పెంచుకునే వాళ్లకి బిడ్డ ఫొటో, నివేదికలు కంప్యూటర్ తెర మీద వస్తాయి, 48 గంటల్లో సరే అనాలి. ఇద్దరు తల్లులూ ఒకరికొకరు ఎదురుపడే చోటే లేదు. పెద్దయ్యాక బిడ్డ తన మూలాలు వెతుక్కోవచ్చు, అప్పగించిన తల్లి వద్దంటే లేదు.

ఈ గోప్యత ఊరికే పెట్టింది కాదని గుర్తుంచుకోవాలి. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ దత్తత సంస్థల మీద కేసులు పడినప్పుడు బయటికొచ్చిందేమిటి? లంబాడా తండాల్లో మూడో నాలుగో ఆడపిల్లని కన్న తల్లుల దగ్గర కొద్దిపాటి డబ్బుకి పిల్లల్ని తీసుకుని, విదేశీ దత్తతలకి పంపిన దళారుల గొలుసు. తండా కాన్పు దగ్గర ఎదురుచూస్తూ నిలబడిన వాళ్లుండేవారు, కాకపోతే వాళ్లు తల్లి చెయ్యి పట్టుకోవడానికి రాలేదు. పురిటి మంచం పక్కన నిలబడటం దానికదే మంచిదని అనేముందు ఆ తండాలు గుర్తుకు రావాలి.

కాబట్టి నేననేది ఇది. గదిలోకి ఎవరొచ్చారన్నది కాదు, ఎవరు పిలిస్తే వచ్చారన్నది ముఖ్యం. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలిచ్చింది. ఆ తోడు కంటున్న మనిషి కోసం, బిడ్డ కోసం కాదు. పెంచబోయే తల్లి ఎప్పుడైనా ఆ గదిలోకి వస్తే ఆ తోడులాగే రావాలి, ఆమె పొమ్మంటే పోవాలి. ఆ తర్వాతి 60 రోజులు ఆ స్నేహం ఒత్తిడిగా మారకూడదు. ఇది కష్టం. ఎదురుచూసి ఎదురుచూసి వచ్చిన స్త్రీకి ఇంకా కష్టం. ఆమె దుఃఖాన్ని తక్కువ చెయ్యడం లేదు, గొడ్రాలు అన్న మాట మోసిన ఆడవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఆ దుఃఖం తీరడానికి ఇంకొకామె 'ఇస్తాను' అన్న మాటకి జీవితాంతం కట్టుబడాలనడమే అన్యాయం. పేర్లు కూడా చూడండి, 2022లో వచ్చిన సినిమాలో సమంత సరోగేట్‌గా కనిపించే పాత్రకి పేరు యశోద. పెంచినామె పేరు మోసినామెకి పెట్టేశాం. ఏ పని ఎవరిదో మనకే గుర్తు లేదు.

భాగవతంలో ఆ ఇద్దరు తల్లులూ ఎదురుపడే సన్నివేశం ఒకటుంది. ఎన్నో ఏళ్ల తర్వాత, సూర్యగ్రహణానికి అందరూ శమంతపంచకం చేరినప్పుడు. దేవకీ రోహిణీ యశోదని కౌగిలించుకుని ఏడుస్తారు. మా పిల్లల్ని కంటికి రెప్పలా కాచావు, నీ రుణం ఎలా తీరుతుందంటారు. ఎంతో అందమైన ఘట్టం, మనవాళ్లు దీన్ని గురించి రాసింది చాలా తక్కువ. అక్కడ కొడుకులిద్దరి మాటా వస్తుంది. కొన్ని గడియలు ఒళ్లో పట్టుకున్న ఆ ఆడపిల్ల గురించి యశోదకి దేవకి ఏమీ చెప్పదు. యశోద అడగదు. అడగడానికి, తనకొక కూతురు పుట్టిందని ఆమెకి తెలియాలి కదా.