అడిగే మనిషి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ నెలంతా నడక పోటీ. ఆ రోజు ఎన్ని అడుగులు వేశామో రాత్రి పదిలోగా ఫోన్ తెర ఫొటో పెట్టాలి. పదిన్నరకు పట్టిక వస్తుంది. పదివేలు దాటితే పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు, దాటకపోతే ఎర్ర చుక్క. మొన్న మంగళవారం రాత్రి చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీస్తే, మా వరండాలో ఒక పెద్దాయన ఈ చివరి నుంచి ఆ చివరికి ఆయాసపడుతూ తిరుగుతున్నారు. అప్పుడే భోంచేసినట్టున్నారు, చెయ్యి ఇంకా తడిగా ఉంది. "ఇంకో ఎనిమిది వందలు తక్కువున్నాయమ్మా" అన్నారు. ఆయన్ని అలా తిప్పుతున్న ఆ ఎర్ర చుక్క మీద నాకు చాలా కోపం వచ్చింది.

నడకకు వెళ్లేటప్పుడు ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లమని ఈ కాలమ్‌లో ఏటా చెబుతూనే ఉన్నాను. ఎప్పటి నుంచో చదువుతున్నవారికి నా వాదన కంఠతా వచ్చి ఉంటుంది. అయినా ఈ వారం మళ్లీ చెప్పాల్సి వస్తోంది. పదివేలు అనే లెక్క వైద్య పరిశోధనలో తేలింది కాదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి, జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. మరుసటి ఏడాది అక్కడి యమాసా కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి తెచ్చి, దాని పేరులోనే పదివేలు పెట్టింది. ఆ పేరే ప్రపంచానికి ప్రమాణమై కూర్చుంది. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న పదహారు వేలకు పైగా మహిళలను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువని, 7,500 దాటాక అదనంగా కనబడిన మేలు పెద్దగా లేదని అందులో తేలింది. మా వరండా పెద్దాయన ఆ రాత్రి పడుకోవచ్చు.

పట్టికలతో నాకు ఇంకో పేచీ ఉంది. నలుగురికీ చాటితే మాట మీద నిలబడతామని అందరూ అంటారు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2009లో ఇందుకు విరుద్ధమైన సంగతి చూపించింది. 'ఫలానా అవుతాను, అందుకు ఇది చేస్తాను' అన్న సంకల్పాన్ని ఇతరులు గుర్తించాక, విద్యార్థులు దాని కోసం పడే శ్రమ తగ్గింది. గుర్తింపు ముందే దక్కేసరికి సగం పని అయిపోయినట్టు మనసు నమ్ముతుంది. జనవరి ఒకటిన జిమ్ అద్దం ముందు ఫొటో పెట్టినవాళ్లలో సంక్రాంతి దాటాక ఎందరు కనబడుతున్నారో మీరే గమనించండి.

మాట మీద నిలబెట్టే జవాబుదారీ మా విజయనగరంలో వేరేగా ఉండేది. మా వీధి చివర తాలింఖానా, అంటే వ్యాయామశాల. లోపల తవ్వి, నూనె, పసుపు కలిపి మెత్తబరచిన ఎర్రమట్టి గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, మూలన నున్నబడిన రాతి గుండ్లు. చీకటితోనే దండీలు, బస్కీలు, ఆ తర్వాత కుస్తీ పట్లు, చివర పిడికెడు నానబెట్టిన శనగలు. వస్తాదు పగలు జూట్ మిల్లులో పనిచేసేవారు. హాజరు పట్టీ లేదు, ఫీజు లేదు. దసరా వెళ్లాక పైడితల్లి జాతరలో కుర్రాళ్లు కర్రసాము చేసి చూపించాలి, అంతే. కోడి రామమూర్తి నాయుడు గారి కథలు వస్తాదు నోటి వెంట ఎన్ని వచ్చేవో! వీరఘట్టం నుంచి చిన్నతనంలోనే మా ఊరికి వచ్చి పెరిగి, ఇక్కడే సర్కస్ కంపెనీ పెట్టి, గొలుసులు తెంచి, ఏనుగును గుండెల మీద నిలబెట్టుకున్న మనిషి. అంతటివాళ్లు కావాలని మాత్రం వస్తాదు ఏ కుర్రాడితోనూ అనలేదు. "రేపు వస్తావా?" అని అడిగేవారు. మా అన్నయ్య రెండు రోజులు ఎగ్గొడితే, కూరల బజారులో మా అమ్మ ఎదురైనప్పుడు ఆగి, "ఏటమ్మా, మీ పెద్దోడు రాలేదు, ఒంట్లో బాగోలేదేటి?" అనేవారు. కోప్పడింది లేదు. ఆ ఒక్క ప్రశ్న ఇంటికి చేరాక అన్నయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. తెల్లారి వెళితే వస్తాదు భుజం తడిమి చూసేవారు. బద్ధకమో జ్వరమో ఆ చేతికి తెలిసిపోయేది. జ్వరమైతే ఆ వారం సగం దండీలే. ఎర్ర చుక్కకు జ్వరం సంగతి తెలియదు.

రియో ఒలింపిక్స్‌కు ముందు కోచ్ గోపీచంద్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సింధు ఫోన్‌ను మూడు నెలలు తీసేసుకున్నారని 2016లో చదివినప్పుడు నాకు మా వస్తాదే గుర్తొచ్చారు. మనిషిని నడిపించేది మనిషి. ఈ వారం కాలమ్‌ను ఈ మాట దగ్గర ముగిద్దామనే కూర్చున్నాను.

కానీ ఆ తాలింఖానాను నేను ఎక్కడి నుంచి చూశాను? మా అరుగు మీద నుంచి. గడప దాటి లోపలికి వెళ్లింది లేదు. మా చెల్లెలూ అంతే, వీధిలో ఏ ఆడపిల్లా అంతే. పిలవాలన్న ఆలోచన వస్తాదుకు గాని, మా అమ్మకు గాని, మాకు గాని రాలేదు. కొన్నేళ్ల తర్వాత, మాకు ఎంతో దూరం కాని ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో, నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ ఆడపిల్లల చేత బరువులు ఎత్తించారు. వాళ్లలో ఒకరైన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయ్యారు. ఆడపిల్లను కూడా రేపు వస్తావా అని అడిగే మనిషి ఒకరు దొరికితే ఎంత దూరం వెళ్లగలదో మా ప్రాంతమే చూపించింది. మిగతావాళ్లను అడిగినవారు లేరు.

ఇప్పటికీ ఇంటి ఇల్లాలు అందరికీ జవాబుదారీయే. పిల్లల టిఫిన్ బాక్సు, అత్తగారి బీపీ మాత్ర, పాల ప్యాకెట్టు, గ్యాసు బండ, అన్నిటికీ ఆమెనే అడుగుతారు. ఆమె నడిచిందా అని అడిగేవాళ్లుండరు. ఇంట్లో మగవారు అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఇల్లంతా ఆ దీక్షకు తగ్గట్టు మారుతుంది. తెల్లవారుజామునే నీళ్లు కాగుతాయి, వంట మారుతుంది, పిలుపు సైతం మారుతుంది. ఆ నియమం పట్ల నాకు నిజమైన గౌరవం. ఒక మనిషి సంకల్పాన్ని ఇల్లు మొత్తం ఎలా మోయగలదో అందులో కనబడుతుంది. ఆ మోతలో పావు వంతైనా షుగరున్న ఇల్లాలి అరగంట నడకకు దొరకాలి కదా.

మా ఎదురింటి ఆవిడ సంగతి ఇదే. షుగరు బయటపడిన రోజే డాక్టరు నడవమన్నారు. ఏళ్లు గడిచాయి, కింద ఎప్పుడూ కనబడలేదు. ఈ నెలలో రోజూ పొద్దున్నే సెల్లార్ చుట్టూ తిరుగుతున్నారు. గురువారం నేనూ పక్కన నడుస్తూ అడిగాను. "నడవాలి అంటే ఇంట్లో ఎవరూ వినేవారు కాదక్కయ్యగారూ. కాఫీ అయ్యాక వెళ్లు, ఆయన ఆఫీసుకెళ్లాక వెళ్లు, ఎండ తగ్గాక వెళ్లు... అట్లా పొద్దు గూకేది. ఇప్పుడు గ్రూపులో మన ఫ్లాట్ నంబర్ అడుగునకి పోతుందంటే, సరే వెళ్లు అంటున్నారు. కాఫీ ఆయనే పెట్టుకుంటున్నారు" అన్నారు. ఆవిడకు పదివేలతో పని లేదు, పట్టికలో ఎన్నో స్థానమో ఆవిడ చూసుకోరు కూడా. గడప దాటడానికి ఇల్లు ఒప్పుకునే కారణం ఒకటి కావాలి. అది ఆ గ్రూపు ఇచ్చింది. వరండా పెద్దాయనను నిద్రపోనివ్వని పట్టికే ఈవిడకు వస్తాదు పని చేస్తోంది.

అందుకని గ్రూపు ఎత్తెయ్యమని రాసిపెట్టుకున్న సందేశాన్ని శుక్రవారం చెరిపేసి, మరొకటి పెట్టాను. అంకెలు, రంగులు తీసేద్దాం. రాత్రి ఒకే ఒక్క ప్రశ్న: రేపు ఎన్ని గంటలకు, ఏ పని అయ్యాక కిందికి వస్తారు? ఇలా వేళ, చోటు ముందే ఖాయం చేసుకున్నవాళ్లు అనుకున్నది చేసే అవకాశం ఎక్కువని ఆ గోల్విట్జరే పదేళ్ల ముందు, 1999లో చెప్పి ఉన్నారు. ఇంకోటి, వారానికి రెండు రోజులు నడక తర్వాత బరువులు ఎత్తడమో, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడమో చేద్దాం. కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నలభై దాటిన ఆడవాళ్ల ఎముకలకు ఒక్క నడక చాలదు.

అడుగుల లెక్క తీసేస్తే పోటీ ఏముంటుందని ఇద్దరు అభ్యంతరం చెప్పారు. నెలాఖరుతో పోటీ ఎలాగూ అయిపోతుంది కాబట్టి గ్రూపు కూడా మూసేద్దామని ఒకరన్నారు. మూయవద్దని గట్టిగా రాశాను. రాత్రిపూట ఆ ప్రశ్న అడిగే పని వారానికొకరం వంతు వేసుకుందాం, ఎవరైనా వరసగా రెండు రోజులు కనబడకపోతే ఆ వారం వంతువాళ్లు వెళ్లి వాళ్ల బెల్లు కొట్టి ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవాలి, మొదటి వారం నాది అన్నాను.