ఘనా రిక్షావాలా చూపు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్కనున్న కేవలాదేవ్ జాతీయ పార్కును అక్కడివాళ్లు ఘనా అంటారు. మొత్తం 29 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అందులోనే 350కి పైగా పక్షి జాతులు. సొంత కార్లను లోపలికి రానివ్వరు. నడవాలి, సైకిలెక్కాలి, లేదా రిక్షా మాట్లాడుకోవాలి. ఆ రిక్షా తొక్కేవాళ్లకే పార్కువారు పక్షుల్ని గుర్తుపట్టడంలో శిక్షణ ఇచ్చారు. ‘హరిత నైపుణ్యాల’ పేరిట పర్యాటక రంగంలో ఇప్పుడు కోర్సులు పుట్టుకొస్తున్నాయి గానీ, ఇంతకంటే మంచి నమూనా నాకైతే తట్టదు.

పేర్లు వల్లించడం పెద్ద విద్యేమీ కాదు, పుస్తకం కొనుక్కుంటే ఎవరికైనా వస్తుంది. తను చూసిన పిట్టను పక్కవాడి కంట పడేలా చెయ్యడంలో ఉంది పనితనమంతా. చెయ్యి తిరిగిన రిక్షావాలా పిట్ట కనబడగానే బ్రేకు నొక్కడు. తొక్కడం మానేసి, బండిని దానంతటది నిలిచేదాకా పోనిస్తాడు. కిర్రుమన్నా ఎగిరిపోతుంది మరి. ఎండ మన వీపుమీద పడే చోటు చూసుకుని ఆపుతాడు. చెయ్యి చాపకుండా, గొంతు తగ్గించి ఆనవాళ్లు చెబుతాడు: ఆ తుమ్మచెట్టు, దాని రెండో చీలిక, అక్కణ్ణుంచి ఎడమకి ఎండుకొమ్మ. మనకి బెరడు తప్ప ఏమీ కనబడదు. కాసేపటికి ఆ బెరడులోంచి ఓ చిన్న గుడ్లగూబ కళ్లు తెరుస్తుంది.

ఈ విద్యకి ఇప్పుడు ఫోను తోడైంది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల 2002లో మొదలుపెట్టిన పక్షుల నమోదు వేదిక ఈబర్డ్‌లో ఎన్నింటికి బయల్దేరారు, ఎంత దూరం తిరిగారు, ఏ పిట్ట ఎన్ని కనిపించాయి, అన్నీ రాయాలి. వింత నమోదు ఏదైనా ఉంటే ఆ ప్రాంతపు సమీక్షకులు ఆధారం అడుగుతారు. ‘బోలెడున్నాయి సార్’ అనే అలవాటుకి ఇది మంచి మందు. ఘనాలో లెక్కలు కొత్తేమీ కాదు లెండి. కేవలాదేవ్ గుడి దగ్గరి రాతి పలకలమీద వేట లెక్కలు చెక్కి ఉన్నాయి. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన వేటలో ఒక్కరోజే కూల్చిన పక్షులు 4,273. 2002 తర్వాత ఇక్కడికి రావడం మానేసిన సైబీరియా కొంగల్ని తలుచుకుంటే, బతికున్నవాటి లెక్క ఎందుకు రాసిపెట్టుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

అదే ప్రయోగశాల తెచ్చిన మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది. పొదల్లో దాక్కున్న పిట్టలకు భేషుగ్గా పనికొస్తుంది. పట్టపగలు నోరు మెదపకుండా కునుకు తీసే గుడ్లగూబ దగ్గర మాత్రం దాని ఆటలు సాగవు. అక్కడ రిక్షావాలా కన్నే దిక్కు.

తెలుగునాట పక్షులు చేరే ఉప్పలపాడు, నేలపట్టు, తేలినీలాపురం దారుల్లో ఆటోలు నడిపే కుర్రాళ్లు మనకీ ఉన్నారు. శిక్షణ తరగతులు పెట్టేవారు ముందు వాళ్లని పిలవండి. వారం రోజులు చెట్ల కింద కూర్చోబెట్టి చూడటం నేర్పండి. యాప్ సంగతి ఆ తర్వాత ఒక్క పూటలో చెప్పెయ్యొచ్చు.