పాత డైరీలో చుక్కలు

ముగ్గు మందు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. రంగులేసుకునే పుస్తకం మొదలు మట్టికుండ దాకా ఈమధ్య అన్నిటికీ ‘థెరపీ’ అని తోక తగిలించి అమ్ముతున్నారు మరి. కానీ 15 నుంచి 8 దాకా సందు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు మొదలెట్టానంటే, గీత బయల్దేరిన చోటికి చేరేదాకా నా బుర్రలోకి ఇంకో మాట దూరదు. దూరిందా, మెలిక తప్పుతుంది. వేళ్ల సందున పిండి జారే వేగానికి చెయ్యి కదలాలి, కన్ను అవతలి చుక్క మీద ఉండాలి. రాత్రంతా నమిలిన దిగులుకి అక్కడ చోటెక్కడిది?

ఆర్ట్ థెరపీ అన్న పేరు పెట్టిందీ ఓ రోగే. ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు క్షయతో శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు గీసుకుంటూ తేరుకున్నాడు, తోటి రోగుల చేతా గీయించాడు. 1942లో ఆ పేరు పెట్టాడు. బ్రెజిల్‌లో నీజి ద సిల్వెయిరా అనే డాక్టరమ్మ మానసిక రోగులకు కరెంటు షాకులివ్వనని మొండికేసి, 1946లో ఆస్పత్రిలోనే రంగుల గది తెరిచింది. రోగులు వేసిన ఆ బొమ్మలతో 1952లో రియోలో ఏకంగా మ్యూజియమే వెలిసింది.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది చేత 45 నిమిషాలు బొమ్మలేయించి, మట్టి పిసికించి, ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ ఎంతుందో చూసింది. ఒత్తిడికి గుర్తయిన ఆ హార్మోను ముప్పాతిక మందిలో తగ్గింది. పోల్చడానికి ఊరికే కూర్చున్న మరో గుంపు లేదు గనక దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది: చెయ్యి తిరిగినవాళ్లకీ కొత్తవాళ్లకీ పెద్ద తేడా కనపడలేదు.

మనమేమో సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టి, జడ్జీల్ని పిలిచి, కుక్కర్లు బహుమతులిస్తాం. పోటీలో కూర్చుంటే నా కళ్లు చుక్కల మీద నిలవవు, పక్కావిడ రంగుల మీదికి పోతాయి. ఇక దిగులు ముదిరి కుంగుబాటైతే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఆర్ట్ థెరపీలోనైతే శిక్షణ ఉన్న థెరపిస్టు పక్కన కూర్చుని గీయిస్తారు, గీసినదాని గురించి మాట్లాడిస్తారు. వాకిట్లో ముగ్గు ఆ పని చెయ్యలేదు.

మా అపార్ట్‌మెంటులో వాకిలంటే తలుపు ముందు రెండడుగుల టైలు. దాని మీద మావాళ్లు స్టిక్కర్ ముగ్గు అంటించారు. బాగానే ఉంది, ఉండనిచ్చాను. నేను మాత్రం పాత డైరీలో బాల్‌పెన్నుతో మెలికలు గీస్తున్నాను. కొట్టివేతలే ఎక్కువ. ఎవరికీ చూపించను.