చీకటి కిటికీ



మెదకు మహా దేవాలయపు పటము మీ యింటిలోనో, మీ ప్రార్థన మందిరములోనో ఉండియే యుండును. కేలండర్లమీద దానిని చూచి పెరిగినవారము మనము. ఇటీవల నేనొక గ్రామ సంఘమును దర్శింపబోగా, అక్కడి మందిరపు గోడమీద అట్టి పటమొకటి క్రొత్తగా వ్రేలాడుచుండెను. అది అచ్చుపటము కాదు. ఆ సంఘములోని యౌవనుడొకడు తన చేతితో వ్రాసినది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుగల కేన్వాసు గుడ్డమీద అక్రిలిక్ రంగులతో దానిని చిత్రించెను. అతడు మెదకును ఎన్నడును చూచినవాడు కాడు. బంధువొకడు క్రిస్మసు దినములలో అక్కడికి పోయి, ఉదయవేళ తీసిన ఫోటోను ముందుంచుకొని వ్రాసెను.

ఆరాధన ముగిసిన తరువాత అతడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పటమెట్లున్నదో దాచకుండ చెప్పండి" అని యడిగెను. బస్సు వేళయగుచున్నందున, "బాగున్నది, నాయనా" అని చెప్పి వచ్చివేసితిని. అది అబద్ధము కాదు గాని పూర్తి సత్యమును కాదు. అతనికి నేను బాకీపడిన జవాబును అతని సమ్మతితోనే ఇక్కడ వ్రాయుచున్నాను. ఏలయనగా అది అతనితోపాటు మనకందరికిని చెందిన సంగతి.

మొదట మెచ్చుకొనవలసినదానిని మెచ్చుకొందము. అక్రిలిక్ రంగు నీళ్లతో కలుపుకొనదగినదే గాని, ఒకసారి ఆరిన తరువాత నీటికి కరగదు. నూనెరంగు ఆరుటకు దినములు పట్టును. ఇది పలుచగా పూసినయెడల కొన్ని నిమిషములలోనే ఆరిపోవును. మన ఎండలకు కుంచెమీదనే గట్టిపడును. పైగా తడిగా నున్నప్పటికంటె ఆరినప్పుడు ఛాయ కొంచెము ముదురును. కాబట్టి ఆకాశమువంటి విశాలమైన చోట ఒక వన్నెను మరియొక వన్నెలో కలియజేయుట బహు కష్టము. ఈ యౌవనుడు పలుచని పూతలను ఒకదానిమీద నొకటి ఓపికతో వేసి, డిసెంబరు ఉదయపు ఆకాశమును చక్కగా సాధించెను. రాతిగోడలను ఒకే బూడిదవన్నెతో పులిమివేయలేదు. క్రింద మట్టివన్నె పూసి, అది ఆరిన పిమ్మట దాదాపు పొడిగానున్న కుంచెతో తెలుపును పైపైన రాచెను. అందుచేత చెక్కిన రాతి గరుకుదనము కంటికి తెలియుచున్నది. ఇది పనితనము, దేవుడిచ్చిన వరము.

ఫోటో చూచి వ్రాయుట తప్పా అని కొందరడుగుదురు. తప్పు కాదు. ఫ్రాన్సు దేశమున మారిస్ ఉత్రిల్లో (1883–1955) అను ప్రసిద్ధ చిత్రకారుడు పారిసు నగరములోని వీధులను, దేవాలయములను పోస్టుకార్డులు చూచి అనేకములు వ్రాసెను. అయితే ఒకటి గమనింపుడి. ఆ వీధులు అతడు పుట్టి తిరుగాడిన మోమార్తు పేటలోనివే. అతనికి తెలిసినదానిని కార్డు జ్ఞాపకము చేసెను; తెలియనిదానిని నేర్పలేదు. మన యౌవనునికైతే ఫోటోయే గురువాయెను. గురువునకున్న లోపములన్నియు శిష్యునికి సంక్రమించెను. అట్టివి ఈ పటములో మూడు కలవు.

మొదటిది చిన్నది. సుమారు 175 అడుగుల ఎత్తుగల గోపురము పటములో వెనుకకు ఒరిగినట్లున్నది. పైకి పోవుకొలది దాని అంచులు లోపలికి వంగుచున్నవి. గోపురమంతయు పట్టుటకు ఫోటో తీయువాడు కెమెరాను పైకెత్తును. అట్లెత్తినప్పుడు నిలువు గీతలు వంగి పడుట సహజము. మనము ఎదుట నిలిచి చూచునప్పుడు మన మనస్సు ఆ వంపును సరిచేసికొనును. మన చిత్రకారుడు దానిని స్కేలుబద్దతో కొలిచి మరీ దింపెను. ఆమోసు ప్రవక్త దర్శనములో ప్రభువు చేత మట్టపుగుండు ఉండెను గదా! కెమెరా చూపిన గోడకంటె తాపీపనివాడు గుండు వ్రేలాడదీసి కట్టిన గోడయే నమ్మదగినది.

రెండవది, పక్కగోడనున్న పెద్ద కిటికీ. ఆ దేవాలయములో ప్రసిద్ధికెక్కిన రంగుటద్దముల కిటికీలు మూడు కలవు. వేదిక వెనుక ప్రభువు ఆరోహణము, రెండు ప్రక్కల ఆయన జననము, ఆయన సిలువ మరణము. ఇంగ్లాండు చిత్రకారుడైన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు వీటితో ముడిపడియున్నది. పగటివేళ లోపల నిలిచినవానికి ఎండ ఆ అద్దముల గుండ ప్రవేశించి, ఎరుపు నీలము బంగారు వన్నెలుగా వెలుగును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ బొమ్మలు మరుగైపోవును. బయట నిలిచినవానికో, పట్టపగలే ఆ కిటికీ నల్లగానుండును. లోపలినుండి తిరిగి వచ్చు వెలుగు స్వల్పము గనుక.

అందుచేత కిటికీని చీకటిగా వ్రాసినందుకు నేనతని తప్పుపట్టుట లేదు. వెలుపలినుండి చూచువాడు లోపలి వన్నెలను వెలుపల అతికించుట కల్పన యగును. నా ఫిర్యాదు వేరు. అతడు గొట్టములోని నలుపును ఉన్నదున్నట్లుగా పిండి పూసెను. అది కిటికీవలె లేదు, పాడుబడిన యింటికున్న కంతవలె నున్నది. చీకటిగానున్న కిటికీ వేరు, ఖాళీ యిల్లు వేరు. ముదురు నీలమును గోధుమవన్నెను కలిపి, అద్దములను పట్టియుంచు సీసపు గీతలను సన్నగా చూపి, ఆకాశపు మెరుపునొకదానిని ఒక మూల నిలిపినయెడల, ఇక్కడ అద్దమున్నది, దాని వెనుక ఏదో యున్నది అని తెలియును. లోపలికి పోయి వచ్చినవాని చేయి ఆ నలుపును అట్లు పూయనే పూయదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. నేనా ఫోటోను చూపమని యడిగి చూచితిని. అందులో మెట్లదగ్గర మూటనానుకొని కూర్చున్న యొక ముసలమ్మయు, ఇద్దరు పిల్లలును, చెట్టుక్రింద దుప్పటి కప్పుకొని నిద్రించు మనిషియు నున్నారు. పటములో వారెవ్వరును లేరు. ఎందుకు తీసివేసితివి అనగా, "దేవాలయము శుభ్రముగా కనబడవలెనని పెద్దలు చెప్పిరి, అయ్యగారూ" అనెను.

చదువరీ, ఇక్కడ నా మనస్సు నొచ్చెను. ఆ దేవాలయమెట్లు కట్టబడెనో మన పెద్దలు చెప్పుచుండెడివారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ దొరగారు 1914లో పని ఆరంభించిరి. కరువు కాలమున జనులు ఆకలితో నుండగా, వారికి పని కల్పించి, పనికి తిండి పెట్టిరి. పదేండ్లు సాగిన ఆ పని ముగిసి, 1924 డిసెంబరు 25న దేవాలయ ప్రతిష్ఠ జరిగెను. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుగల ఆ కట్టడపు రాళ్లను మోసినవారు మూటలతో, పిల్లలతో వచ్చిన బీదలే. మెట్లమీద కూర్చున్న ఆ ముసలమ్మ అక్కడ మురికి కాదు. ఆమె ఆ రాళ్ల సొంతదారు.

చిత్రకళ దృష్టితో చూచినను ఇది నష్టమే. మనిషి లేని పటములో కట్టడమునకు కొలత లేదు. ఆ గోపురము 175 అడుగులో, బల్లమీది బొమ్మయో చెప్పలేము. మెట్లదగ్గర బొటనవ్రేలంత ముసలమ్మ కూర్చున్నయెడల గోపురము తానే లేచి నిలుచును. బీదలను తొలగించి దేవాలయమును గొప్పచేయబోయి, దానిని చిన్నదిగా చేసితిమి.

ఇది ఆ పటమునకు మాత్రమే కలిగిన లోపమా? పండుగనాడు మన సంఘములను ఫోటో తీయునప్పుడు ముందు వరుసలో ఎవరిని నిలుపుచున్నాము? చిరిగిన చీరతో వచ్చిన అమ్మను ప్రక్కకు జరుగుమనుట లేదా? విశ్వాసులే సజీవమైన రాళ్లని పేతురు తన మొదటి పత్రికలో వ్రాసెను. ఆ రాళ్లను తీసివేసిన తరువాత మిగిలిన గోడ ఎవరిది?

మరియొక ప్రశ్న. ప్రభువును మనము ఫోటో చూచియే వ్రాయుచున్నామా? తాతగారి సాక్ష్యము, పాదిరిగారి ప్రసంగము, అమ్మ పాడిన కీర్తన, ఇవి మంచి పటములే. కాని యోబు తన శ్రమల చివర ఒప్పుకొన్నది, అంతవరకు తాను వినికిడిచేత మాత్రమే దేవుని ఎరిగితినని గదా! వెలుపలినుండి చూచువానికి విశ్వాసము నల్లని కిటికీయే. లోపల అడుగుపెట్టనివానితో దాని వన్నెలను గూర్చి వాదించి ప్రయోజనము లేదు. ఫిలిప్పు నతనయేలుతో వాదింపలేదు. వచ్చి చూడుమని పిలిచెను.

నాయనా, నీకొక సంతోషకరమైన మాట. నీవు ఎన్నుకొన్న రంగు త్వరగా ఆరునది. ఆరినదానిమీద మరల వ్రాయవచ్చును, క్రిందిది చెదరదు. కనుక పటము ఇంకను ముగియలేదు. గోపురమును నిలువుగా దిద్దుము. కిటికీలో నలుపును మార్చుము. ముసలమ్మను ఆమె మెట్టుమీద మరల కూర్చుండబెట్టుము. అయితే అంతకుముందు మెదకు పోయి, ఎండ బాగుగా నున్నవేళ లోపల ఒక గంట ఊరకుండుము.

సంఘ పెద్దలారా, అతనికి బస్సు ఖర్చు మీరే ఇయ్యుడి. ప్రభువు మనలనందరిని గడప దాటించి, తన వెలుగులో నిలుపును గాక. ఆమేన్.